సీ, పో

గది ఖాళీగా ఉందా అని
విమానంలో బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పాను.
తలుపు సందులోంచి ముసలామె
"సీ, పో" అంది.

నూట అరవై రెండు మెట్లు.
నలభయ్యో మెట్టు దగ్గరే పెట్టె చక్రం ఊడింది.
ఇంత కొండెక్కి వచ్చింది
ఛీ పో అనిపించుకోవడానికా అని
ఆ పెట్టె మీదే కూలబడ్డాను.
ఆమె నన్ను లేపి, పెట్టె లాక్కుని
లోపలికి నడిచింది.
వెళ్ళగొట్టేవాళ్ళు సామాను లోపల పెట్టరు.
ఆపాటి వ్యాకరణం నాకొచ్చు.

తర్వాత తెలిసింది,
వాల్‌పరాయిసోలో అందరూ అందర్నీ పొమ్మంటారని.
రొట్టెల కొట్టువాడూ, బస్సు డ్రైవరూ,
రేవుల నిర్మాణం బోధించే ప్రొఫెసరమ్మా
మాట చివర ఒక "పో" తగిలిస్తారు.
అర్థమేమీ లేదట.
అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు, అంతే.

మార్చిలో ఆకులు రాలుతున్నాయి.
మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం పక్కన నడుస్తాడు.
నీడను నమ్ముకుని రెండుసార్లు దారి తప్పాను,
రెండుసార్లూ సముద్రం దగ్గరే తేలాను.

స్నానానికి గీజరు అగ్గిపుల్లతో వెలిగించాలి.
భుస్సుమనే ఆ నీలి మంటకు జడిసి
మూడు రోజులు చన్నీళ్ళే పోసుకున్నాను,
అలవాటని అబద్ధం చెప్పాను.

"ఓన్సేకి రా" అంది దోన్యా ఎల్సిరా.
ఓన్సే అంటే పదకొండు.
పదకొండింటికి తల దువ్వుకుని బల్ల ముందు కూర్చున్నాను,
ఈగ కూడా లేదు.
సాయంత్రం ఏడింటికి తాగే టీ పేరు పదకొండట!
ఎందుకని అడిగితే ఆమె ఒక కథ చెప్పింది,
గ్యాస్ బండి తోలే ఆమె తమ్ముడి కొడుకు నిబాల్దో
అది కాదని ఇంకో కథ చెప్పాడు.
ఇద్దరూ పోట్లాడుకుంటుంటే
నేను రొట్టె మీద అవకాడో మెదుపుకుంటూ
ఆ హోరులో తెలిసిన క్రియ ఒక్కటైనా దొరుకుతుందేమో అని
రాళ్ళలోంచి బియ్యం ఏరుతున్నాను.

మన్యానా అంటే పొద్దున. మన్యానా అంటే రేపు కూడా.
ఇదేం భాష అని భాషా తరగతిలో
హంగరీ కుర్రాడు బెంచీ గుద్దాడు.
నాకు వింతగా తోచలేదు.
వేకువని రేపకడ అనే పాత మాటొకటి
నాలో ఏ మూలో పడుంది.
ఆ రోజు మొదటిసారి
ఈ భాష పక్కింటిదానిలా కనిపించింది.

తొమ్మిదో రాత్రి
ముందు చెంచాలు మోగాయి,
ఆ తర్వాత దీపం ఊగింది.
నేను బల్ల కిందికి దూరాను.
అక్కడ అప్పటికే కుక్క ఉంది,
దాని పేరు కనేలా, అంటే దాల్చినచెక్క.
రెండు ప్రాణాలమూ ఒకే చోట వణికాం.
పైన దోన్యా ఎల్సిరా
టీ ఒలక్కుండా కప్పు గాల్లో పట్టుకుని
భూమి పని అయ్యేదాకా ఆగింది,
దారికి గేదె అడ్డొస్తే ఆగినట్టు.
నిబాల్దో నములుతూనే ఉన్నాడు.

వెంటనే ఫోను. ఉత్తరాదిన ఎక్కడో చెల్లెలు.
"ఎస్తామోస్ బియెన్, లోస్ త్రెస్."
బాగున్నాం. ముగ్గురం.

లెక్కపెట్టాను.
ఆమె, నిబాల్దో. మూడోది నేనా, కుక్కా?
స్పానిష్‌లో త్రెస్ అంటే త్రెస్సే,
మనుషులకైనా కుక్కలకైనా.
నా భాషలోనైతే ముగ్గురనగానే తేలిపోయేది.
పోనీలే అని ఊరుకోవచ్చు.
తొమ్మిది రోజులుగా అన్నిటికీ ఊరుకుంటూనే ఉన్నాను.

మోకాళ్ళ దుమ్ము దులుపుకుని,
క్రియ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోకుండా
అడిగేశాను: ఆ మూడులో నేనున్నానా?

ఆమె కప్పు కింద పెట్టింది.
చక్కెర డబ్బా నా వైపు జరిపింది.
"సీ, పో."

కనేలా ఇంకా బల్ల కిందే ఉంది.
లెక్కలో దాన్ని వదిలేశామని తెలిసిపోయినట్టు చూసింది.
నా రొట్టెలో సగం దానికి పెట్టాను.